మెదడుకు మళ్ళీ నెత్తురు పారించడం



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు వైద్యులు కారు, హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ఒకనాటి ఉదయం కుడిచెయ్యీ మాటా ఒక్కసారే పడిపోయాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళే బతికారు. లెక్క మనసులో ఇట్టే తెమిలేది, జవాబు మాత్రం నోటికి వచ్చేది కాదు అని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకు జబ్బుచేసిన రోజుల్లో వైద్యులు ఇవ్వగలిగింది ఆస్పిరిన్ మాత్ర, ఫిజియోథెరపీ, ధైర్యం. ఇప్పుడు అంతకంటే చాలా ఎక్కువే చేయవచ్చు. ఆ ఎక్కువ ఏమిటో, ఎలా సాధ్యపడిందో, సాధ్యపడినా మన ఊళ్ళకు వచ్చేసరికి సగం దారిలోనే ఎందుకు ఆగిపోయిందో చెప్పాలని వచ్చాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత ఎవరైనా కాఫీకి లేచినా నష్టం ఉండదు. నెత్తురు గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలో మెదడు కణాలను కాపాడేదంటూ గట్టి పరీక్షల్లో మళ్ళీ మళ్ళీ నెగ్గింది ఒక్కటే: నెత్తురు. ఆగిపోయిన నెత్తురును తొందరగా తిరిగి పారిస్తే మెదడు మిగులుతుంది. మనం చేసే మిగతా పనులన్నీ దానికి తోడైనా కావాలి, లేకపోతే దానికి అడ్డమవుతాయి.

పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడు ధమనిలో గడ్డ అడ్డుపడి వచ్చేవి. మిగిలినవి ధమని చిట్లి నెత్తురు కారడం వల్ల వచ్చేవి. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి: అదే మూతివంకర, అదే చెయ్యి జారిపోవడం, అదే ముద్దమాట. వైద్యం మాత్రం ఎదురెదురు. ఒకరికి ప్రాణం పోసే మందు ఇంకొకరి ప్రాణం తీస్తుంది. ఎంత చెయ్యి తిరిగిన వైద్యుడైనా మంచం పక్కన నిలబడి చూసి ఇది ఫలానా అని ఖాయంగా చెప్పలేడు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రం మొదటిసారి ఒక రోగి తలను చిత్రం తీసింది. ఆ యంత్రం లేకపోతే నేనివాళ చెప్పబోయే కథలో ఒక్క మెట్టు కూడా ఉండేది కాదు. అందుకే సీటీ స్కాన్‌ను "అదనపు ఖర్చు" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళు. వాడుకునే ఆక్సిజన్ మాత్రం నూటికి ఇరవై పాళ్ళు. కండకు, కాలేయానికి ఉన్నట్టు దీనికి చెప్పుకోదగ్గ నిల్వలు లేవు. మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల నెత్తురు అందుతుంది. అది 20 దగ్గరికి పడిపోతే కణాలు పని మానేస్తాయి, చెయ్యి లేవదు, మాట రాదు. 10 కంటే దిగువకు పోతే చావు మొదలవుతుంది. కణంలోని సోడియం పంపులు ఆగిపోతాయి, కణం నీరుపట్టి ఉబ్బుతుంది, గ్లూటమేట్ ఒలికి పక్క కణాల మీద పడుతుంది, కాల్షియం లోపలికి తోసుకొస్తుంది. ఆ తర్వాత వెనక్కి తిరగడం లేదు.

అసలు సంగతి ఆ 20కీ 10కీ మధ్యన ఉంది. 1970ల్లో లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో లిండ్సే సైమన్ బృందం బబూన్ కోతుల మెదడు ధమనిని మూసి, ఎక్కడ ఎంత నెత్తురు పారుతోందో, ఎక్కడ విద్యుత్ సంకేతం ఆగిందో ఓపిగ్గా కొలిచింది. పని ఆగిపోయే మట్టం వేరు, చచ్చిపోయే మట్టం వేరు అని తేలింది. 1981లో ఆస్ట్రప్, సీజో, సైమన్ కలిసి రాసిన వ్యాసం ఈ నడిమి ప్రాంతాన్ని పెనంబ్రా పేరుతో వైద్యలోకంలో స్థిరపరచింది. ఆ ప్రాంతంలోని కణం నోరెత్తదు, కానీ బతికే ఉంటుంది. పడిపోయిన చెయ్యిని చూసి "అయిపోయింది" అనుకునే మనిషికి, "ఇంకా అవలేదు" అని చెప్పడానికి వైద్యుడికి మొదటిసారి ఆధారం దొరికింది అక్కడే.

పెనంబ్రా ఎలా బతుకుతుందో గోదావరి డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. పెద్ద కాలువకు ఎక్కడో అడ్డుపడితే చివరి భూములకు నీరు ఆగిపోతుంది, కానీ పక్క బోదెల నుంచి కాస్త ఊట వస్తూనే ఉంటుంది. పైరు వాడుతుందే గాని వెంటనే చావదు. ఆ బోదెల్లో నీరు కదలాలంటే ఎగువన మట్టం నిలబడాలి. మెదడు ఉపరితలం మీద ఒక ధమని కొమ్మలకూ ఇంకో ధమని కొమ్మలకూ మధ్య అలాంటి సన్నని పక్కదారులు ఉన్నాయి. కొందరికి దండిగా, కొందరికి అరకొరగా. పక్షవాతం వచ్చిన మనిషికి బీపీ పెరగడం చాలాసార్లు ఆ పక్కదారులకు నెత్తురు తోయడానికి శరీరం పడే పాటు. మన దగ్గర ఏం చేస్తారు? బీపీ చూసి, 190 ఉందని హడలిపోయి, మాత్ర చిదిమి నాలుక కింద పెడతారు. అర్ధగంటలో మట్టం పడిపోతుంది, వాడిన పైరు ఎండిపోతుంది. గడ్డ కరిగించే మందు ఇవ్వబోతున్నప్పుడు బీపీని 185/110 కంటే కిందికి, నెమ్మదిగా, ఆసుపత్రిలో తేవాలి. ఆ మందు ఇవ్వని రోగికైతే, గుండెకు గానీ కిడ్నీకి గానీ వేరే ప్రమాదం లేకపోతే, 220/120 దాటేదాకా సాధారణంగా తొందరపడరు. ఈ సభ నుంచి వైద్యులు కాని వారు ఒక్క విషయమే పట్టుకెళ్ళేట్టయితే అదే పట్టుకెళ్ళండి: ఇంటి దగ్గర బీపీ మాత్ర వేయకండి.

2006లో జెఫ్రీ సేవర్ ఒక లెక్క కట్టారు. మా మాస్టారు విని ఉంటే మెచ్చుకునేవారు. పెద్ద ధమని మూసుకుపోయి వైద్యం అందని మనిషి సగటున నిమిషానికి 19 లక్షల మెదడు కణాలను, 1,400 కోట్ల కణసంధులను, 12 కిలోమీటర్ల నాడీతంతువులను పోగొట్టుకుంటాడని. ఈ అంకె ప్రపంచమంతా పోస్టర్లకెక్కింది. అయితే అది సగటు అన్న మాట పోస్టర్లలో చిన్న అక్షరాల్లో కూడా ఉండదు. 2019లో వచ్చిన మరో అధ్యయనంలో అదే లెక్కను ఒక్కొక్క రోగికి విడిగా కట్టి చూస్తే, నిమిషానికి 35 వేల కణాలు మాత్రమే పోయేవారూ ఉన్నారు, 2 కోట్ల 70 లక్షలు పోయేవారూ ఉన్నారు. తేడా ఎక్కడిదంటే, చాలామటుకు ఆ పక్కదారులదే. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ అవసరపడుతుంది.

గడ్డను కరిగించాలన్న ఊహ పాతదే. 1933లో విలియం టిల్లెట్, గార్నర్ కొన్ని స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాలకు గడ్డను కరిగించే గుణం ఉందని కనుక్కున్నారు. అలా వచ్చిన స్ట్రెప్టోకైనేజ్ గుండెపోటులో ఎంతోమందిని కాపాడింది, మన ప్రభుత్వాసుపత్రుల్లోనూ కాపాడింది. మెదడు దగ్గరకు వచ్చేసరికి బెడిసికొట్టింది. 1990ల్లో యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ జరిగిన మూడు పెద్ద పరీక్షలను రక్తస్రావాల వల్ల, మరణాల వల్ల మధ్యలోనే ఆపేశారు. ఆ దెబ్బతో చాలామంది నాడీవైద్యులు ఈ దారినే వదిలేశారు.

ఇంకో మందు నడిచివచ్చిన దారి చిత్రమైనది. మన శరీరమే గడ్డను కరిగించే టీపీఏ అనే పదార్థాన్ని కొద్దికొద్దిగా తయారుచేసుకుంటుంది. బెల్జియంలోని లూవెన్‌లో డెసిరే కొలెన్, ఒక మెలనోమా క్యాన్సర్ కణాల పెంపకం నుంచి దాన్ని శుద్ధంగా రాబట్టారు. ఆ క్యాన్సర్ కణాలు దాన్ని విస్తారంగా తయారుచేస్తాయి మరి. కాలిఫోర్నియాలోని జెనెన్‌టెక్‌లో డయాన్ పెనికా బృందం దాని జన్యువును పట్టుకుని ఆ సంగతిని 1983లో ప్రచురించింది. అలా ఆ టీపీఏ ఆల్టెప్లేజ్ పేరుతో సీసాలోకి వచ్చింది. 1987లో గుండెపోటుకు అమెరికాలో అనుమతి దొరికింది.

మెదడు కోసం జరిగిన పరీక్ష ఫలితం 1995 డిసెంబరు 14న వెలువడింది. 624 మంది రోగులు. లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపే మందు, అందులోనూ సగం మందికి తొంభై నిమిషాల్లోపే. కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు. మూడు నెలలకు చూస్తే ఏ లోటూ లేకుండా, లేదా పనికి అడ్డురాని లోటుతో బయటపడినవారు మందు అందినవాళ్ళలో నూటికి 39, అందనివాళ్ళలో 26. మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం మందు అందినవాళ్ళలో నూటికి 6.4, అందనివాళ్ళలో 0.6. అయినా మొత్తం మరణాలు పెరగలేదు: మందు అందినవాళ్ళలో నూటికి 17, అందనివాళ్ళలో 21.

ఆ పరీక్షలో నాకు చాలా ముఖ్యమనిపించే వివరం మరొకటి ఉంది. మర్నాటికి రెండు గుంపుల మధ్య అనుకున్నంత స్పష్టమైన తేడా కనబడలేదు. తేడా మూడు నెలలకు బయటపడింది. "అంత ఖరీదైన ఇంజెక్షన్ ఇచ్చారు, చెయ్యి లేవలేదు" అని మర్నాడు పొద్దున్నే వార్డులో దెబ్బలాడే రోగి బంధువులకు నేను ఇది విడమరచి చెబుతుంటాను. సగంమంది నమ్ముతారు. మిగతా సగంమందిని తప్పుపట్టలేను. అమెరికాలో కూడా అత్యవసర వైద్యులు కొందరు ఆ అంకెలతో చాలా ఏళ్ళు పోట్లాడారు. తర్వాత 2008లో యూరప్ పరీక్ష గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. 2014లో తొమ్మిది పరీక్షల్లోని 6,756 మందిని కలిపి చూసినప్పుడు సందేహం తీరింది, గడువులోపల కూడా ముందు ఇచ్చినవాడికే ఎక్కువ లాభమని మరింత గట్టిగా తేలింది.

ఇక్కడ మనం హెల్సింకీ వెళ్ళాలి. ఈ కథలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. 1998లో హెల్సింకీ విశ్వవిద్యాలయ ఆసుపత్రి గుమ్మంలోకి రోగి వచ్చాక మందు ఎక్కించడానికి 105 నిమిషాలు పట్టేది. 2011కి అది 20 నిమిషాలకు దిగింది. ఏం చేశారు? అంబులెన్స్ దారిలో ఉండగానే ఆసుపత్రికి ఫోను చేసేది. రోగి పేరు, పాత కేసు, మందుల వివరాలు అతను రాకముందే తెరమీద సిద్ధం. సీటీ యంత్రం ఖాళీ చేసి పెట్టేవారు. రోగిని క్యాజువాలిటీ మంచం మీదికి కాకుండా అంబులెన్స్ స్ట్రెచర్ మీదనే తిన్నగా సీటీ బల్ల మీదికి. రక్తపరీక్షల నివేదిక అంతా వచ్చేదాకా ఆగకుండా, అవసరమైనవి అక్కడికక్కడే. సీటీ చూసిన వైద్యుడే అదే బల్ల మీద మందు మొదలుపెట్టేవాడు. ఒక్కో మార్పు చిన్నది, ఏదీ ఒక్కరోజులో రాలేదు. పదమూడేళ్ళు పట్టింది. ఆ పద్ధతిని ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ఆసుపత్రి ఒకటి నాలుగు నెలల్లో నేర్చుకుంది.

హెల్సింకీ జట్టులోని ఆట్టె మెరెటోయా మరో లెక్క తేల్చారు: మందు ఇవ్వడంలో ఆదా అయిన ఒక్కొక్క నిమిషానికీ రోగికి సగటున 1.8 రోజుల ఆరోగ్యవంతమైన జీవితం కలిసొస్తుంది. క్యాజువాలిటీ కౌంటరు దగ్గర చీటీ రాయించడానికి పట్టే పావుగంటను ఈ లెక్కతో గుణించి చూసుకోండి.

మందుకు ఒక హద్దుంది. సన్నని కొమ్మలోని చిన్న గడ్డను బాగానే కరిగిస్తుంది. మెడ నుంచి మెదడులోకి ఎక్కే పెద్ద ధమనిలో పొడవాటి గడ్డ కూరుకుపోతే చేతులెత్తేస్తుంది. ఎనిమిది మిల్లీమీటర్లు దాటిన గడ్డ ఈ మందుతో తెరుచుకోవడం అరుదని 2011లో జర్మన్ పరిశోధకులు చూపించారు. అలాంటి గడ్డను చేత్తో లాగేయాల్సిందే. అంటే తొడ దగ్గర ధమనిలోకి సన్నని గొట్టం దూర్చి, గుండె పైనున్న పెద్ద ధమని వంపు గుండా మెడలోకి, మెడ నుంచి మెదడులోకి తీసుకెళ్ళి, గడ్డలో తీగల అల్లికను విప్పి, దాన్ని గడ్డతో సహా వెనక్కి లాగడం. లేదా గొట్టంతోనే పీల్చేయడం. దీన్నే థ్రాంబెక్టమీ అంటారు.

2013లో ఈ పద్ధతి మీద మూడు పరీక్షలు ఒకేసారి వెలువడి మూడూ ఓడిపోయాయి. చాలామంది పెదవి విరిచారు. కారణాలు వెతికితే సిగ్గుపడేంత సాదాగా ఉన్నాయి. పరికరాలు పాతవి. కొందరు రోగుల్లో పెద్ద ధమని నిజంగా మూసుకుపోయిందో లేదో చూడకుండానే చేర్చుకున్నారు. ఆలస్యం సరేసరి. మరుసటి ఏడాది చివర నెదర్లాండ్స్ పరీక్ష వచ్చింది. 500 మందిలో, తమ పనులు తాము చేసుకోగలిగేవారు థ్రాంబెక్టమీ జరిగినవాళ్ళలో నూటికి 32.6, జరగనివాళ్ళలో 19.1. 2015లో కెనడా, ఆస్ట్రేలియా, స్పెయిన్, అమెరికా పరీక్షలు వరసగా అదే మాట చెప్పాయి. ఐదింటిలోని 1,287 మందిని కలిపి లెక్కవేస్తే, ఇద్దరు ముగ్గురికి ఈ వైద్యం చేస్తే ఒకరి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గుతోంది. వైద్యంలో ఇంత బలమైన అంకె అరుదుగా కనబడుతుంది.

2018లో మరో రెండు పరీక్షలు గడువు గోడను బద్దలుకొట్టాయి. ఆరు గంటలు దాటినవాళ్ళకు, నిద్రలోనే పక్షవాతం వచ్చి ఎప్పుడొచ్చిందో తెలియనివాళ్ళకు, స్కాన్‌లో చచ్చిన భాగం చిన్నదిగా, బతికించగలిగే భాగం పెద్దదిగా ఉంటే, థ్రాంబెక్టమీ చేశారు. ఒక పరీక్షలో 24 గంటల దాకా వెళ్ళారు: స్వతంత్రంగా బతికినవారు నూటికి 49, మామూలు వైద్యంలో 13. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. పక్కదారులు దండిగా ఉన్నవాడి మెదడు రోజంతా కాచుకుని ఉంటుంది, లేనివాడిది రెండు గంటల్లో ముగుస్తుంది. ఎవడు ఏ రకమో స్కాన్ చెబుతుంది, గడియారం చెప్పదు.

అయితే ఈ 24 గంటల వార్త మన పత్రికల్లోకి వచ్చేసరికి "ఇక తొందరలేదు" అన్న అర్థం పులుముకుంది. ఆ పరీక్షల్లోకి వచ్చినవారు వడపోతలో మిగిలినవారు. ఆలస్యంగా వచ్చినవారిలో చాలామంది స్కాన్ దగ్గరే ఆగిపోయారు, ఎందుకంటే కాపాడడానికి ఏమీ మిగల్లేదు. ఇరవైనాలుగు గంటల గడువు వైద్యుడికి ఇచ్చిన వెసులుబాటు. రోగి బంధువులకు ఇచ్చినది కాదు.

ఇంకో ప్రశ్న విద్యార్థులు ప్రతిసారీ అడుగుతారు: నెత్తురు తెచ్చేలోగా కణాలను కాపాడే మందు లేదా? ఈ వెతుకులాటది విషాద చరిత్ర. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, అప్పటిదాకా ప్రయోగాల్లో వాడిన 1,026 మందుల జాబితా వేశారు. ఎలుకల్లో వందల మందులు పనిచేశాయి, మనుషుల్లో ఏదీ నిలబడలేదు. ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు అదే ఏడాది ఒక పెద్ద పరీక్షలో గెలిచినట్టు కనబడి, 2007లో ఇంకా పెద్ద పరీక్షలో ఓడిపోయింది. 2020లో నెరినెటైడ్ 1,105 మందిలో మొత్తం మీద లాభం చూపలేదు. ఆల్టెప్లేజ్ తీసుకోనివాళ్ళలో కొంత ఆశ కనబడినా, ఆ ఆశ తర్వాతి పరీక్షలో నిలబడలేదు. ఎలుకల్లో గెలిచినవి మనుషుల్లో ఎందుకు ఓడాయంటే, ఎలుక ధమనిని మనం మూసి, మనమే తెరుస్తాం. మందు కూడా మన ఇష్టమొచ్చిన నిమిషానికి ఇస్తాం. డెబ్బై ఏళ్ళ మనిషికి షుగరూ బీపీ ఉంటాయి, ధమని మూసుకుపోయి తెరుచుకోదు, తెరుచుకోని చోటికి ఏ మందూ చేరదు.

ఈ సందర్భంలో ఒక కటువైన మాట. మన ప్రిస్క్రిప్షన్లలో సిటికోలిన్ రాయని పక్షవాతం చీటీ అరుదు. 2012లో 2,298 మందిమీద జరిగిన అంతర్జాతీయ పరీక్షలో దానివల్ల లాభం కనబడలేదు. హాని పెద్దగా లేదు, నిజమే. కానీ నెలల తరబడి ఆ మాత్రలకు పెట్టే డబ్బు ఫిజియోథెరపీకి, బీపీ మందుకు, అవసరమైనవారికి గుండెదడకు వాడే రక్తం పలచన మందుకు పోవలసింది. రాసే అలవాటును మనమే మానుకోవాలి.

ధమని తెరిచినా కొందరిలో మెదడు కోలుకోదు. పెద్ద దారి తెరుచుకున్నా వెంట్రుకకంటే సన్నని నాళాలు మూసుకునే ఉంటాయి. 1968లోనే ఏమ్స్ అనే పరిశోధకుడి బృందం కుందేళ్ళలో దీన్ని చూసింది. 2022లో బార్సిలోనా బృందం థ్రాంబెక్టమీ తర్వాత అదే ధమనిలోకి కొద్దిగా ఆల్టెప్లేజ్ పంపి మేలు ఫలితం చూసింది. ఈ దారిలో పని ఇంకా జరుగుతోంది. ఇక ఏమీ కుదరక మెదడు వాచి పుర్రెను నొక్కుతుంటే, వయసు అనుకూలించినవాళ్ళకు పుర్రె ఎముకలో ఒక పెద్ద ముక్క తీసి వాపుకు చోటివ్వడం ప్రాణం నిలుపుతుంది. 2007లో మూడు యూరప్ పరీక్షలను కలిపితే మరణాలు నూటికి 71 నుంచి 22కి దిగాయి. అది ప్రాణరక్షణ. చెయ్యీ కాలూ తిరిగిరావడం వేరే సంగతి.

మన దగ్గరకు వద్దాం. తెలుగునేలకు ఈ విషయంలో ఒక గౌరవం ఉంది: 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, దేశానికి నమూనా అయింది. ఫోను చేస్తే బండి వస్తుంది. మరి రోగి ఆలస్యం ఎక్కడ? ఎక్కువ భాగం ఇంటి అరుగు మీదే. "గాలి సోకింది", "పడుకుంటే సర్దుకుంటుంది", "పొద్దున్నే చూద్దాం." ఒకరు ఆకుపసరు తెస్తారు. పావురాన్ని కోసి వేడి నెత్తురు పడిపోయిన చేతికి రుద్దేవారు ఇప్పటికీ ఉన్నారు. నెత్తురు కావలసింది లోపల కదా! మరొకరు నోట్లో మంచినీళ్ళో కాఫీయో పోస్తారు. మింగడం పోయిన గొంతులోంచి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ తర్వాత ఆర్‌ఎంపీ గారి సెలైన్, బీపీ మాత్ర. ఆ తర్వాత సీటీ లేని నర్సింగ్‌హోమ్. అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి రెఫర్. ఈ వరసలో ఎవరూ దుర్మార్గులు కారు. అందరూ ఏదో ఒకటి చేద్దామనుకున్నవాళ్ళే. ఊరి ఆర్‌ఎంపీని తిట్టడం సులువు. ఆయనకు "మందు వేయకు, బండి ఎక్కించు" అని నేర్పితే ఆయనే మనకు అందరికంటే ముందు కబురు పంపగలడు.

రెండో ఆలస్యం మన వైద్య వ్యవస్థది. దాన్ని తగ్గించవచ్చని చూపినవారు ఉన్నారు. హిమాచల్ ప్రదేశ్ కొండల్లో నాడీవైద్యులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. అయినా 2014 నుంచి జిల్లా ఆసుపత్రుల్లోని మామూలు ఫిజీషియన్లు సీటీ తీసి, ఫోనులో ఆ బొమ్మలను దూరాన ఉన్న నాడీవైద్యులకు చూపించి, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన మందును అక్కడికక్కడే ఎక్కించారు. జర్మనీలోని హోంబుర్గ్‌లో 2008లో సీటీ యంత్రాన్నే అంబులెన్స్‌లో పెట్టి రోగి గుమ్మానికి పంపారు. అస్సాంలో భారత వైద్య పరిశోధన మండలి ఆ పద్ధతిని నడిపి చూపింది.

మనకు ఇంకా దగ్గర ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గుండెపోటు వచ్చినవారికి ఖరీదైన టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే కార్యక్రమం 2023లో మొదలైంది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు, పెద్ద ఆసుపత్రి వైద్యుడు చూసి చెబుతారు, అక్కడే ఇంజెక్షన్ ఇస్తారు. అదే టెనెక్టెప్లేజ్ ఇప్పుడు మెదడుకూ పనికొస్తుంది. గంటసేపు ఎక్కించనక్కర్లేదు, ఒక్క సూదితో అయిపోతుంది. ఆల్టెప్లేజ్‌కు ఏమాత్రం తీసిపోదని 2022లో కెనడా పరీక్ష చూపింది. అమెరికా పక్షవాతానికి దీన్ని 2025లో గానీ అనుమతించలేదు. పుణెలో తయారైన టెనెక్టెప్లేజ్‌కు మన దేశంలో అంతకు ఎన్నో ఏళ్ళ ముందే అనుమతి వచ్చింది. అంటే మందు మనదగ్గర ఉంది, దాన్ని ఉచితంగా ఇచ్చే అలవాటు ఉంది, దూరాన్నుంచి చూసి చెప్పే పద్ధతి ఉంది. గుండెకు ఈసీజీ చాలు, మెదడుకు సీటీ తప్పదు. లోటు అక్కడుంది. యంత్రం ఉన్నచోట రాత్రి నడిపే టెక్నీషియన్ ఉండడు, టెక్నీషియన్ ఉన్నచోట బొమ్మ చదివే మనిషి ఉండడు.

థ్రాంబెక్టమీ కోసం ప్రతి జిల్లాకూ క్యాథ్‌ల్యాబ్ కావాలని సభల్లో అడుగుతుంటారు. నేను అడగను. ఆ నైపుణ్యం రోజూ చేస్తేనే నిలుస్తుంది. అది హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతి, వరంగల్ లాంటి చోట్ల రాత్రింబవళ్ళు నిలకడగా ఉంటే చాలు. జిల్లాలో సూది వేసి, ఆ సూది పనిచేస్తుందా లేదా అని చూస్తూ కూర్చోకుండా, అదే బండిలో పెద్ద ఊరికి పంపాలి. ముందు జిల్లాకో రాత్రి సీటీ, తర్వాతే మిగతావి.

ఇక ఇళ్ళలో ఉన్నవారికి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా, చూపు పోయినా, నిలబడలేకపోయినా వెంటనే 108కి ఫోను చేయండి. పది నిమిషాల్లో తగ్గిపోయినా చేయండి, తగ్గిపోయినవే చాలాసార్లు రేపటి పెద్ద పక్షవాతానికి హెచ్చరికలు. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడో టైము చూసి కాగితం మీద రాయండి. వాడుతున్న మందుల పెట్టెతో సహా బండెక్కండి. నోట్లో ఏమీ వేయకండి. సీటీ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమని 108 వాళ్ళకు చెప్పండి. మీ ఊరికి దగ్గర్లో రాత్రి రెండు గంటలకు సీటీ తీసే ఆసుపత్రి ఏదో ఇవాళే కనుక్కుని, ఇంట్లో అందరికీ కనబడేచోట రాసిపెట్టండి.

ఈ సభలో ప్రభుత్వాసుపత్రుల సూపరింటెండెంట్లు ముగ్గురు నలుగురు కనబడుతున్నారు. మీకు నా విన్నపం ఒక్కటే: మీ జిల్లా ఆసుపత్రిలో రాత్రి షిఫ్టుకు సీటీ టెక్నీషియన్‌ను, క్యాజువాలిటీ అలమరలో టెనెక్టెప్లేజ్‌ను ఈ సంవత్సరమే ఏర్పాటు చేయించండి. బొమ్మ చూసి చెప్పడానికి, ఏ రాత్రి ఫోను చేసినా, నాలాంటివాళ్ళం సిద్ధంగా ఉన్నాం.